కన్సోల్‌లో షూటింగ్ ఆటలకు మౌస్, కీబోర్డు: తరచుగా అడిగే ప్రశ్నలు

పీఎస్5 (ప్లేస్టేషన్ 5), ఎక్స్‌బాక్స్ లాంటి టీవీకి కలిపే కన్సోల్‌కి మౌస్ పెట్టి ఆడాలనుకునే వాళ్ల సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. కొనేముందు కొన్ని, వైరు గుచ్చాక కొన్ని, బ్యాన్ పడుతుందేమోనన్న టెన్షన్‌తో మరికొన్ని. మళ్లీ మళ్లీ అడుగుతున్న వాటన్నింటికీ ఇక్కడ జవాబులు రాశాను. మీకు ఏది కావాలో నేరుగా ఆ ప్రశ్నకే వెళ్లండి.

## కొనే ముందు

మామూలు కంప్యూటర్ మౌస్ పెడితే పీఎస్5, ఎక్స్‌బాక్స్‌లో అన్ని ఆటలూ ఆడొచ్చా?

ఆడలేరు. మౌస్‌ని కన్సోల్ గుర్తుపట్టడం వేరు, ఆట దాన్ని ఒప్పుకోవడం వేరు. ఎక్స్‌బాక్స్ వన్‌కి మౌస్, కీబోర్డు సౌకర్యం 2018 నవంబర్ అప్‌డేట్‌తో వచ్చింది. అప్పుడే మైక్రోసాఫ్ట్ ఒక విషయం స్పష్టంగా చెప్పింది: ఏ ఆటలో మౌస్ ఉండాలో ఆ ఆట తయారుచేసిన వాళ్లే నిర్ణయించుకుంటారు. ప్లేస్టేషన్‌లోనూ అంతే. అందుకే మౌస్ కొనేముందు మీరు ఎక్కువగా ఆడే ఆట పేరు రాసుకుని, దాని అధికారిక సపోర్ట్ పేజీలో కన్సోల్‌కి మౌస్ సపోర్ట్ ఉందో లేదో చూడండి. షాపులో "పీఎస్5కి పనిచేస్తుంది సార్" అన్న మాట నమ్మి కొనకండి. ఆయన చెప్పేది యూఎస్‌బీ గురించి, మీ ఆట గురించి కాదు.

అయితే ఏయే ఆటల్లో పనిచేస్తుంది?

ఫోర్ట్‌నైట్‌లో పనిచేస్తుంది, పీఎస్‌లోనూ ఎక్స్‌బాక్స్‌లోనూ. కాల్ ఆఫ్ డ్యూటీలో 2019 నాటి మోడర్న్ వార్‌ఫేర్‌తో మొదలైంది. 2020 మార్చిలో వచ్చిన వార్‌జోన్‌లోనూ ఉంది. డేజీ, వార్ థండర్ ఒప్పుకుంటాయి. ఎక్స్‌బాక్స్‌లో మొదట్లోనే మౌస్ అందుకున్న వాటిలో వార్‌ఫ్రేమ్ ఒకటి. సీ ఆఫ్ థీవ్స్‌కి కూడా ఎక్స్‌బాక్స్‌లో మౌస్ పెట్టుకోవచ్చు.

రెయిన్‌బో సిక్స్ సీజ్, ఏపెక్స్ లెజెండ్స్, డెస్టినీ 2 మాత్రం కన్సోల్‌లో కంట్రోలర్ ఆటలుగానే వచ్చాయి. మీరు ఆడేది ముఖ్యంగా ఈ మూడింట్లో ఒకటైతే, మౌస్ సపోర్ట్ వచ్చిందో లేదో చూడకుండా మౌస్ మీద డబ్బు పెట్టొద్దు. అప్‌డేట్లతో జాబితా మారుతూ ఉంటుంది కాబట్టి కొనే రోజున మరోసారి చూసుకోండి.

కన్సోల్‌లో మౌస్ ఈమధ్యే వచ్చిన కొత్త సంగతా?

కాదు. 2000లో డ్రీమ్‌కాస్ట్‌కి వచ్చిన క్వేక్ 3 అరీనాని మౌస్, కీబోర్డుతో ఆడారు. 2001లో పీఎస్2కి వచ్చిన హాఫ్‌లైఫ్ యూఎస్‌బీ మౌస్‌ని తీసుకునేది. పీఎస్3లో 2007 నాటి అన్‌రియల్ టోర్నమెంట్ 3, 2012 నాటి కౌంటర్ స్ట్రైక్ గ్లోబల్ ఆఫెన్సివ్ కూడా అంతే. అంటే ఇరవై ఏళ్ల పైచిలుకుగా కన్సోల్‌కి మౌస్ చేతనవును. ఇప్పుడు చిక్కల్లా ఆన్‌లైన్‌లో ఎవరిని ఎవరితో కలపాలన్నదే. ఒకే మ్యాచ్‌లో సగం మంది కంట్రోలర్ స్టిక్‌తో, సగం మంది మౌస్‌తో ఉంటే దాన్ని సమంగా నడపడం కష్టం. ఆ తలనొప్పి వద్దనుకున్న కంపెనీలు మౌస్‌ని అసలు లోపలికే రానివ్వడం లేదు.

ఖరీదైన గేమింగ్ మౌసే కొనాలా? ఇంట్లో ఆఫీసు మౌస్ ఉంది.

ముందు ఇంట్లో ఉన్నదాంతో వారం రోజులు ఆడి చూడండి. మీకు సరిపడుతుందో లేదో దాంతోనే తెలిసిపోతుంది. ఆఫీసు మౌస్‌లు చాలావరకు సెకనుకు 125 సార్లు తమ కదలికను కన్సోల్‌కి చెబుతాయి, అంటే 8 మిల్లీసెకన్లకోసారి. గేమింగ్ మౌస్ 1000 సార్లు చెబుతుంది. మీ ఆట సెకనుకు 60 ఫ్రేమ్‌లతో (అంటే 60 బొమ్మలతో) నడుస్తుంటే ఒక్కో ఫ్రేమ్‌కి పట్టేది 16.7 మిల్లీసెకన్లు, కాబట్టి ఈ తేడా పెద్దగా తెలియదు. 120 ఫ్రేమ్‌ల ఆటలో కొంత తెలుస్తుంది.

డబ్బు పెట్టగలిగితే మూడు చూడండి: చేతికి ఇమిడే ఆకారం, తక్కువ బరువు, పక్కన బొటనవేలి దగ్గర రెండు బటన్లు. రంగురంగుల లైట్లకు ఇచ్చే డబ్బుతో పెద్ద మౌస్‌ప్యాడ్ కొనండి. ఆటలో అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

వైర్‌లెస్ తీసుకోవచ్చా? బ్లూటూత్ చాలదా?

కన్సోల్‌కి గుచ్చే చిన్న యూఎస్‌బీ ముక్కతో, అంటే డాంగిల్‌తో, వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ మౌస్ బాగా పనిచేస్తుంది. ఎక్స్‌బాక్స్ బ్లూటూత్ మౌస్, కీబోర్డులను తీసుకోదు, దానికి వైరు గానీ డాంగిల్ గానీ తప్పదు. పీఎస్5లో బ్లూటూత్ ఉన్నా, కాల్చే ఆటకు డాంగిల్ గానీ వైరు గానీ మేలు, ఎందుకంటే బ్లూటూత్‌లో ఆలస్యం ఎక్కువ. టీవీ వెనక ఇరుకులో డాంగిల్ పెడితే సిగ్నల్ తడబడుతుంది. ముందు పోర్టులో పెట్టండి, లేదా చిన్న యూఎస్‌బీ పొడిగింపు వైరుతో బయటికి లాగండి.

హాల్లో టీవీ, ముందు సోఫా. టేబుల్ లేదు. ఎలా ఆడాలి?

ఎక్కువ ఇళ్లలో అసలు ఇబ్బంది ఇదే. ఒళ్లో కీబోర్డు, సోఫా చేతిమీద మౌస్ పెట్టుకుని ఆడితే పావుగంటకే విసుగొస్తుంది. ముందు చెయ్యి ఆనడానికి గట్టి, చదునైన చోటు చూసుకోండి. పరీక్షలకు పట్టుకెళ్లే అట్ట మౌస్‌కి పరవాలేదు గానీ పైన క్లిప్ అడ్డొస్తుంది. తలకిందులుగా తిప్పి, క్లిప్ మీ పొట్టవైపు వచ్చేలా పెట్టుకోండి. అయినా అది ఇరుకే, మౌస్ అటూ ఇటూ పది అంగుళాలైనా కదలాలి.

నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చునే అలవాటుంటే, పిల్లలు చదువుకునే మడత బల్ల చక్కగా సరిపోతుంది. మోచెయ్యి బల్ల ఎత్తులోనే ఉండాలి. గట్టిగా ఆడాలనుకునే వాళ్లకు నా సలహా ఒక్కటే: కన్సోల్‌ని చదువుకునే టేబుల్ మీదికి మార్చి మానిటర్‌కి కలపండి. మౌస్ వల్ల వచ్చే లాభంలో సగం ఆ కుర్చీ, ఆ టేబుల్ వల్లే వస్తుంది.

స్విచ్ 2లో కంట్రోలరే మౌస్ అవుతుందట, నిజమేనా?

నిజమే. 2025 జూన్ 5న వచ్చిన నింటెండో స్విచ్ 2లో జాయ్‌కాన్‌ని (దాని చిన్న కంట్రోలర్‌ని) పక్కకి వాల్చి బల్లమీద జరిపితే మౌస్‌లా పనిచేస్తుంది. మెట్రాయిడ్ ప్రైమ్ 4లో దీంతో గురిపెట్టొచ్చు. ఇక్కడ కూడా ఆట ఒప్పుకుంటేనే. జాయ్‌కాన్ సన్నగా ఉంటుంది కాబట్టి గంటలకొద్దీ ఆడితే అరచేయి నొప్పెడుతుంది.

## కలిపేటప్పుడు

ఏ పోర్టులో పెట్టాలి?

ఏదైనా ఒకటే. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ రెండింటికీ ముందు ఒకటి, వెనక రెండు మామూలు యూఎస్‌బీ పోర్టులుంటాయి. 2020 నాటి పీఎస్5కి ముందు ఒక మామూలు పోర్టు, ఒక టైప్ సీ పోర్టు ఉంటాయి, వెనక రెండు మామూలువి. పీఎస్5 స్లిమ్‌లో ముందున్న రెండూ టైప్ సీ కాబట్టి డాంగిల్ వెనకే పెట్టాలి, లేదా చిన్న కన్వర్టర్ కొనుక్కోవాలి. లైట్లు బాగా వెలిగే మెకానికల్ కీబోర్డుని హబ్ ద్వారా కలిపితే, ఆ హబ్‌కి సొంత పవర్ ఉండేలా చూసుకోండి.

పెట్టాను, లైట్ వెలిగింది. కానీ స్క్రీన్ మీద బాణం కనిపించట్లేదు. మౌస్ పాడైందా?

పాడవలేదు. కన్సోల్ హోమ్ స్క్రీన్ మీద మౌస్ బాణం కనిపించదు. ఎక్స్‌బాక్స్‌లో ఎడ్జ్ బ్రౌజర్ తెరిచి చూడండి, అక్కడ కదులుతుంది. కీబోర్డుతో మెనూల్లో తిరగొచ్చు, ఎక్స్‌బాక్స్‌లో విండోస్ కీ నొక్కితే కంట్రోలర్ మధ్య బటన్ నొక్కినట్టే గైడ్ తెరుచుకుంటుంది. మౌస్ పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి సులువైన దారి ఫోర్ట్‌నైట్. ఉచితం, పెట్టగానే గుర్తుపడుతుంది. అందులో కదిలితే మీ మౌస్‌కి ఏ జబ్బూ లేదు.

ఆట మౌస్‌ని ఒప్పుకుంటుందని రాసి ఉంది, అయినా కదలట్లేదు.

కాల్ ఆఫ్ డ్యూటీలో ఇది చాలామందికి ఎదురవుతుంది. సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ డివైస్ అనే చోట కంట్రోలర్ అని ఉంటుంది, దాన్ని మౌస్, కీబోర్డుకి మార్చాలి. అది మార్చేదాకా మౌస్ ఎంత జరిపినా ఆట పట్టించుకోదు. అప్పటికీ కదలకపోతే ఆటని పూర్తిగా మూసేసి, మౌస్ తీసి, వేరే పోర్టులో పెట్టి మళ్లీ తెరవండి. కొన్ని కొత్త మౌస్‌లు 4000, 8000 హెర్ట్జ్‌తో వస్తాయి, అంటే సెకనుకు అన్నిసార్లు కదలికను చెబుతాయి. అలాంటిది తడబడుతుంటే కంప్యూటర్‌లో పెట్టి 1000కి దించి చూడండి.

కంట్రోలర్ ఇక పక్కన పడేయొచ్చా?

వద్దు. కన్సోల్ ఆన్ చేయడానికి, అకౌంట్ ఎంచుకోవడానికి, ఆట మధ్యలో ఏదైనా మెసేజ్ వస్తే మూయడానికి అది కావాలి. చార్జింగ్ పెట్టి దగ్గరే ఉంచుకోండి. ఒక్క జాగ్రత్త: స్టిక్ అరిగిపోయి దానంతటదే కదిలే కంట్రోలర్‌ని ఆన్‌లో ఉంచితే, మీరు మాటిమాటికీ కంట్రోలర్‌కి మారుతున్నారని ఆట పొరబడుతుంది. స్క్రీన్ మీద బటన్ గుర్తులు అటూ ఇటూ మారిపోతుంటాయి. అప్పుడు కంట్రోలర్ ఆపేయండి.

మౌస్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ కన్సోల్‌లో ఎక్కదు కదా, బటన్లు ఎలా సెట్ చేసుకోవాలి?

కంప్యూటర్‌లోనే చేసుకోవాలి. చాలా గేమింగ్ మౌస్‌లలో లోపలే చిన్న మెమరీ ఉంటుంది. స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో పెట్టి డీపీఐ (అంగుళానికి మౌస్ లెక్కపెట్టే అడుగులు), పోలింగ్ రేట్ (సెకనుకు ఎన్నిసార్లు కదలిక చెబుతుందో), లైట్లు అన్నీ సెట్ చేసి, ఆ ప్రొఫైల్‌ని మౌస్ మెమరీలో సేవ్ చేయండి. తర్వాత కన్సోల్‌కి పెడితే అవే సెట్టింగ్స్ ఉంటాయి. కొనేటప్పుడు ఆన్‌బోర్డ్ మెమరీ ఉందా అని అడగండి. కన్సోల్ వాళ్లకు ఇది డీపీఐ అంకె కన్నా ముఖ్యం.

మౌస్ కదిపిన కాసేపటికి తుపాకీ కదులుతోంది. ఈ లాగ్ మౌస్‌దా?

చాలావరకు టీవీది. బొమ్మని అందంగా చూపించడానికి టీవీ చేసే పనులన్నీ ఆలస్యాన్ని తెస్తాయి. కంట్రోలర్‌తో ఆడేటప్పుడు అది అంతగా తెలియదు, మౌస్‌తో చెయ్యి కదలగానే తెలిసిపోతుంది. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. మోషన్ స్మూతింగ్ లాంటివన్నీ ఆపేయండి. ఆటలో 120 హెర్ట్జ్ ఉంటే, టీవీ కూడా ఒప్పుకుంటే, అది పెట్టుకోండి.

## సెట్టింగ్స్

సెన్సిటివిటీ ఎంత పెట్టాలి? యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతున్నారు.

ఆ అంకెలు వదిలేయండి. ఒక ఆటలో 5 అన్నది ఇంకో ఆటలో 12తో సమానం కావచ్చు, వాళ్ల మౌస్ డీపీఐ వేరే కావచ్చు. స్కేలుతో కొలుచుకోండి. మౌస్‌ని 800 డీపీఐలో పెట్టండి, అంటే ఒక అంగుళం జరిపితే 800 అడుగులు లెక్కపెడుతుందన్నమాట. ప్రాక్టీస్ మోడ్‌లోకి వెళ్లి ఒక గోడమీది గుర్తుని గురిపెట్టండి. మౌస్‌ప్యాడ్ పక్కన స్కేలు పెట్టి, పాత్ర ఒక పూర్తి చుట్టు తిరిగి మళ్లీ అదే గుర్తు దగ్గరికొచ్చేదాకా మౌస్‌ని జరపండి. ఎన్ని సెంటీమీటర్లు పట్టిందో చూడండి.

కొత్తవాళ్లు 30 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టండి. వెనక్కి తిరగలేకపోతున్నాననిపిస్తే 25కి రండి. దూరాన ఉన్నవాడి మీద తెర మధ్యలోని గురిగుర్తు వణుకుతుంటే 35, 40కి వెళ్లండి. కంట్రోలర్ నుంచి వచ్చిన వాళ్లు దాదాపు అందరూ మరీ వేగంగా పెట్టుకుంటారు, మణికట్టు చిన్నగా కదిపితే చాలనుకుంటారు. మోచేతి నుంచి మొత్తం చెయ్యి జరపడం అలవాటు చేసుకోండి. కుదిరిన అంకెని రెండు వారాలపాటు ముట్టుకోవద్దు. ఓడిన ప్రతి మ్యాచ్ తర్వాత సెన్సిటివిటీ మారిస్తే చేతికి ఏదీ పట్టదు.

మౌస్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉంచాలా?

ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ఒకే దూరం జరిపినా, వేగంగా జరిపితే ఎక్కువ తిరుగుతుంది, నెమ్మదిగా జరిపితే తక్కువ. నేర్చుకునే దశలో చేతికి ఒకే లెక్క ఉండాలి. స్మూతింగ్, ఫిల్టరింగ్ అన్న మీటలు కనిపిస్తే అవి కూడా సున్నాకి పెట్టండి.

టీవీలో ఆడుతుంటే తల తిరుగుతోంది, ఏం చేయాలి?

ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే తెరమీద ఒకేసారి కనిపించే వెడల్పు, తక్కువగా ఉండి ఉంటుంది. సోఫాలో దూరంగా కూర్చునేవాళ్ల కోసం కన్సోల్ ఆటలు ఇరుకైన దృశ్యం చూపించేవి. మౌస్‌తో టక్కున తిప్పితే ఆ ఇరుకులో అంతా సర్రున జారిపోయినట్టుంటుంది. కాల్ ఆఫ్ డ్యూటీలో 2020 నాటి బ్లాక్ ఆప్స్ కోల్డ్ వార్ నుంచి కన్సోల్‌లోనూ దీన్ని మార్చుకోవచ్చు. దగ్గర కూర్చుంటే 95, 100 మధ్య పెట్టి చూడండి. మోషన్ బ్లర్ ఆపేయండి. తల తిరగడం మొదలైతే మాత్రం ఓర్చుకుని ఆడొద్దు, ఆపి లేవండి.

కీబోర్డు మీద వేళ్లు ఎక్కడ పెట్టాలి?

నడవడానికి డబ్ల్యూ, ఏ, ఎస్, డీ. చిటికెన వేలు షిఫ్ట్, కంట్రోల్ మీద, బొటనవేలు స్పేస్ మీద. గ్రెనేడు, కత్తి లాంటివి మౌస్ పక్క బటన్లకు ఇచ్చేయండి. అప్పుడు నడుస్తున్న వేలు ఎత్తనక్కర్లేదు. ఫోర్ట్‌నైట్‌లో కట్టడాలు కట్టేవాళ్లు గోడ, మెట్లు క్యూ, ఈ, సీ, వీ దగ్గర పెట్టుకుంటే చెయ్యి చాపే పని తప్పుతుంది.

స్టిక్‌కి ఉండి కీబోర్డుకి లేని సుఖం ఒకటుంది. స్టిక్‌తో ఏ వైపుకైనా, ఏ వేగంతోనైనా నడవొచ్చు. కీబోర్డులో ఎనిమిది దిక్కులే, వేగం ఒకటే. మెల్లగా అడుగులో అడుగేస్తూ మూల దాటడం మొదట్లో కష్టంగానే ఉంటుంది.

## ఆన్‌లైన్ మ్యాచ్‌లు, అడాప్టర్లు, బ్యాన్‌లు

మౌస్ పెడితే ఎయిమ్ అసిస్ట్ పోతుందా?

ఆట నేరుగా మౌస్‌ని ఒప్పుకుంటే, పోతుంది. కంట్రోలర్‌తో ఆడేటప్పుడు శత్రువు దగ్గర గురిగుర్తు కాస్త నెమ్మదించడం, అతను జరిగితే దాంతోపాటు కొంచెం తిరగడం గమనించే ఉంటారు. ఆ సాయం స్టిక్ ఇబ్బందికి ఇచ్చేది, మౌస్‌కి ఉండదు. దగ్గరి పోరులో మంచి కంట్రోలర్ ఆటగాడి ముందు మౌస్ తేలిపోయే సందర్భాలు ఈ కారణంగానే వస్తాయి. మౌస్ బలం దూరంలో, హఠాత్తుగా వెనక్కి తిరగడంలో, ఒకరి తర్వాత ఇంకొకరి మీదికి గురి మార్చడంలో.

మౌస్ పెట్టగానే నన్ను పీసీ వాళ్లతో కలిపేస్తారా?

ఆటని బట్టి. ఫోర్ట్‌నైట్‌లో కన్సోల్‌కి మౌస్ పెట్టినవాళ్లను పీసీ వాళ్ల వైపు పంపే పద్ధతి 2018లోనే మొదలైంది. 2019 మోడర్న్ వార్‌ఫేర్ కూడా ఏ పరికరం వాడుతున్నారన్నదాన్ని చూసి మ్యాచ్‌లు కలిపింది. ఇది న్యాయమే. బీజీఎంఐ, పబ్జీ మొబైల్ ఆడినవాళ్లకు ఇది కొత్త కాదు. ఎమ్యులేటర్‌లో (మొబైల్ ఆటని కంప్యూటర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ఆడేవాళ్లను ఎమ్యులేటర్ వాళ్లతోనే కలపడం పబ్జీ మొబైల్‌లో చూసిందే.

స్నేహితుల బృందంలో మీరొక్కరే మౌస్ పెడితే, మిగతావాళ్లు కూడా గట్టి లాబీల్లో, అంటే గట్టి ఆటగాళ్లున్న మ్యాచ్‌ల్లో, పడొచ్చు. ముందు వాళ్లకు చెప్పి పెట్టండి.

జిమ్, క్రోనస్ అంటున్నారు. ఇవేంటి? వీటితో ఏ ఆటలోనైనా మౌస్ పనిచేస్తుందట కదా.

ఇవి మధ్యలో కూర్చునే అడాప్టర్లు. మౌస్ ఒకవైపు, కన్సోల్ ఇంకోవైపు. మౌస్ కదలికని స్టిక్ కదలికగా మార్చి, "నేను కంట్రోలర్‌ని" అని కన్సోల్‌కి చెబుతాయి. జిమ్ ఏపెక్స్, జిమ్ మ్యాట్రిక్స్ ముఖ్యంగా ఈ పనికే. క్రోనస్ జెన్ ఇంకొంచెం ముందుకెళ్లి స్క్రిప్టులు నడుపుతుంది. తుపాకీ పైకి తన్నకుండా దానంతటదే కిందికి లాగే స్క్రిప్టులు అందులో పేరుపొందినవి.

ఈ మార్పిడి ఎప్పుడూ పూర్తిగా కుదరదు, ఎందుకో చెబుతాను. స్టిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది: ఎంత వంచితే అంత వేగం, వదిలేదాకా తిరుగుతూనే ఉంటుంది. మౌస్ చెప్పేది వేగం కాదు, దూరం. ఎంత జరిపితే అంత తిరిగి ఆగాలి. అడాప్టర్ ఆ దూరాన్ని క్షణక్షణం వేగంగా మార్చి చెప్పాలి. స్టిక్‌కి ఆట పెట్టిన గరిష్ఠ వేగం ఒకటుంటుంది, మౌస్‌ని ఎంత విసిరినా దాన్ని దాటలేదు. మధ్యలో డెడ్‌జోన్ ఉంటుంది, అంటే స్టిక్ కొంచెం కదిలినా ఆట పట్టించుకోని భాగం, చిన్న కదలికలు అందులో కలిసిపోతాయి. అందుకే అడాప్టర్ వాడేవాళ్లు ఆటలో సెన్సిటివిటీని ఆఖరిదాకా పెంచి, డెడ్‌జోన్‌ని వీలైనంత తగ్గిస్తారు. అయినా అసలు మౌస్ అనుభూతి రాదు.

అన్యాయం ఎక్కడుందంటే, ఆట దాన్ని కంట్రోలర్ అనుకుంటుంది కాబట్టి ఎయిమ్ అసిస్ట్ అలాగే ఉంచుతుంది. మౌస్ చురుకుదనం, కంట్రోలర్‌కిచ్చే సాయం రెండూ ఒక్కడికే. పైగా కలిసేది కంట్రోలర్ వాళ్ల లాబీలో. అవతల ఓ పదో తరగతి కుర్రాడు మామూలు కంట్రోలర్‌తో కష్టపడుతుంటాడు. ఆన్‌లైన్ మ్యాచ్‌లో అడాప్టర్ వాడొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే, బ్యాన్ భయంతో కాదు.

అడాప్టర్ వాడితే నిజంగా పట్టుకుంటారా? అందరూ వాడుతున్నారుగా.

పట్టుకుంటున్నారు. యూబీసాఫ్ట్ 2023లో రెయిన్‌బో సిక్స్ సీజ్ కన్సోల్ ఆటలో మౌస్‌ట్రాప్ అనే ఏర్పాటు తెచ్చింది. అడాప్టర్ వాడుతున్నారని తేలితే మీ కంట్రోల్స్‌కి ఆలస్యం కలుపుతుంది. మ్యాచ్ మ్యాచ్‌కీ అది పెరుగుతుంది. అడాప్టర్ తీసేసినా వెంటనే పోదు, కొన్ని మ్యాచ్‌లు మామూలుగా ఆడాకే సర్దుకుంటుంది. గురి కోసం కొన్న పెట్టె గురినే పాడుచేస్తుందన్నమాట.

కాల్ ఆఫ్ డ్యూటీలో మోసాలను పట్టే రికోషే బృందం కూడా 2023 ఏప్రిల్‌లో ఇలాంటి పరికరాలను గుర్తించడం మొదలుపెట్టింది. ముందు హెచ్చరిక వస్తుంది, వినకుండా కొనసాగిస్తే అకౌంట్ పోయేదాకా వెళ్లొచ్చు. బంగీ 2023లోనే డెస్టినీ 2 నియమాల్లో, ఆటలో పైచేయి కోసం బయటి పరికరాలు వాడటం తప్పని రాసింది. ఏళ్లుగా కూడబెట్టిన స్కిన్‌లు, ర్యాంకు ఉన్న అకౌంట్‌ని దీని మీద పణం పెట్టడం దండగ.

ఎక్స్‌బాక్స్‌లో అనుమతి లేని పరికరం అని మెసేజ్ వచ్చింది. ఏం చేయాలి?

2023 నవంబర్ నుంచి ఎక్స్‌బాక్స్ లైసెన్సు లేని పరికరాలను ఆపేస్తోంది. మొదట హెచ్చరిక వస్తుంది, అప్పటి నుంచి రెండు వారాల తర్వాత ఆ పరికరం పనిచేయడం మానేస్తుంది. ఇది అడాప్టర్లకే కాదు, చౌకగా దొరికే నకిలీ కంట్రోలర్లకూ వర్తిస్తుంది. అలాంటిది కొన్నవాళ్లు ఆ రెండు వారాల్లోనే షాపుకి తిరిగిచ్చే ప్రయత్నం చేయండి. ఇకముందు కొనేటప్పుడు డబ్బా మీద ఎక్స్‌బాక్స్ లైసెన్సు ముద్ర చూసి తీసుకోండి.

హోరీ ట్యాక్ అనేది సోనీ లైసెన్సుతోనే వస్తుందిగా, అది వాడితే తప్పేంటి?

అవును, ప్లేస్టేషన్ కోసం హోరీ కంపెనీ చేసిన ఈ మౌస్, చిన్న కీప్యాడ్ జతకి సోనీ లైసెన్సు ఉంది. ఇది కూడా కంట్రోలర్‌లానే పలుకుతుంది. లైసెన్సు అంటే కన్సోల్ దాన్ని ఆపదని అర్థం, అంతవరకే. ఒక ఆట నియమాల్లో మౌస్ వద్దని ఉంటే ఆ లైసెన్సు మిమ్మల్ని కాపాడదు. ఆ ఆట నియమాలు చదివాకే కొనండి.

మా అన్నయ్యకి ప్రమాదం తర్వాత కుడిచేతి వేళ్లు సరిగా వంగవు. కంట్రోలర్ పట్టుకోలేడు. తనకీ అడాప్టర్ తప్పేనా?

ఇది వేరే సంగతి. బంగీ తన నియమాల్లోనే, ఆడటానికి అవసరమైన సాయంగా వాడే పరికరాలకు అభ్యంతరం లేదని విడిగా రాసింది. మౌస్‌ట్రాప్ తెచ్చినప్పుడు యూబీసాఫ్ట్ కూడా వైకల్యం ఉన్న ఆటగాళ్ల మాట వింటామని చెప్పింది. ముందు కన్సోల్ కంపెనీలు చేసిన వాటిని చూడండి: ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ 2018లో వచ్చింది, పీఎస్5కి యాక్సెస్ కంట్రోలర్ 2023 డిసెంబర్‌లో వచ్చింది. రెండింటికీ పెద్ద బటన్లు, కాలితో నొక్కే మీటలు బయటి నుంచి కలపొచ్చు. అవి సరిపడకపోతే మౌస్‌ని నేరుగా ఒప్పుకునే ఆటలతో మొదలుపెట్టమనండి. అడాప్టరే దిక్కైతే, ఆ ఆట సపోర్ట్ వాళ్లకు ముందుగా రాసి, వాళ్ల జవాబు దాచిపెట్టుకోండి.

నేను ఒక్కడినే ఆడుకునే స్టోరీ మోడ్‌లో అడాప్టర్ వాడితే?

ఎవరికీ నష్టం లేదు, హాయిగా ఆడుకోండి. ఆన్‌లైన్‌కి వెళ్లేముందు మాత్రం దాన్ని తీసేయండి.

అవతలివాడు అడాప్టర్ వాడుతున్నాడని అనుమానం. ఎలా తెలుస్తుంది?

ఖాయంగా చెప్పడం కష్టం. కిల్‌క్యామ్‌లో (మిమ్మల్ని చంపినవాడి వైపు నుంచి చూపించే రీప్లేలో) గురిగుర్తు రెండు మూడు చోట్లకి దూకి టక్కున ఆగడం, తుపాకీ అసలు పైకి తన్నకపోవడం చూసి అనుమానపడొచ్చు. మంచి కంట్రోలర్ ఆటగాళ్లు కూడా అలా ఆడగలరు. మైకులో తిట్టొద్దు. ఆటలోనే రిపోర్ట్ బటన్ నొక్కి వదిలేయండి.

## అలవాటయ్యే దశలో

మౌస్ పెట్టాక ఇంకా ఎక్కువ ఓడిపోతున్నా. నాకిది సరిపడదా?

అందరికీ అలాగే ఉంటుంది. ఏళ్లుగా బొటనవేళ్లతో చేసిన పని ఇప్పుడు మొత్తం చేతికి వచ్చింది. పైగా ఎయిమ్ అసిస్ట్ పోయింది, లాబీలు గట్టివయ్యాయి. మూడూ ఒకేసారి మీద పడతాయి. ఎడమచెయ్యి కూడా కొత్తే అన్న సంగతి చాలామంది మర్చిపోతారు. గురి ముందే కుదురుతుంది. కంగారులో తప్పు కీ నొక్కడమే ఎక్కువసార్లు ప్రాణం తీస్తుంది.

ర్యాంక్ మ్యాచ్‌లు కొన్నాళ్లు పక్కన పెట్టండి. రోజూ ఆటకు ముందు పదిహేను నిమిషాలు బాట్‌లతో (కంప్యూటర్ ఆడించే పాత్రలతో) ఆడండి. మొదటి ఐదు నిమిషాలు కాల్చొద్దు. పరుగెత్తుతూ, దూకుతూ, కిటికీలు ఎక్కుతూ, గురిగుర్తుని ఎప్పుడూ మనిషి తల ఎత్తులో ఉంచుతూ తిరగండి. మూల తిరిగేటప్పుడు శత్రువు తల ఎక్కడ కనిపిస్తుందో అక్కడే గుర్తు ఉంటే, మౌస్‌ని పెద్దగా జరపాల్సిన పనే ఉండదు. నెలరోజుల తర్వాత కూడా చిరాకే మిగిలితే కంట్రోలర్‌కి తిరిగి వెళ్లిపోండి. అందులో చిన్నతనమేమీ లేదు.

మణికట్టు నొప్పెడుతోంది.

మౌస్‌ని గట్టిగా పిసికి పట్టుకుంటున్నారేమో చూడండి, బల్ల మరీ ఎత్తుగా ఉందేమో చూడండి. మణికట్టు బల్ల అంచున ఒత్తుకోకూడదు. నొప్పి తగ్గేదాకా ఆడకండి, తిమ్మిర్లు వస్తుంటే డాక్టర్‌కి చూపించండి.

మౌస్ కుదరదు, ఇంట్లో చోటు లేదు. కంట్రోలర్‌తోనే గురి బాగుపడే దారి ఉందా?

ఉంది, జైరో. పీఎస్5 కంట్రోలర్‌ని గాల్లో కొంచెం వంచితే ఆ వంపు ఆటలో కదలికగా మారుతుంది. స్టిక్‌తో శత్రువు దాకా తిప్పి, చివరి కొద్దిపాటి సర్దుబాటు మణికట్టుతో చేస్తారు. వంపు కూడా మౌస్‌లాగే దూరం చెబుతుంది కాబట్టి చిన్న సర్దుబాట్లలో స్టిక్ కన్నా ఎంతో బాగుంటుంది. ఫోర్ట్‌నైట్‌లో 2022 నుంచి జైరోతో పాటు ఫ్లిక్ స్టిక్ (స్టిక్‌ని ఏ వైపు తోస్తే పాత్ర టక్కున ఆ వైపు తిరిగే పద్ధతి) కూడా ఉంది. మామూలు ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో జైరో లేదు. పీఎస్5 ఉండి, సోఫాలోనే ఆడేవాళ్లకు మౌస్ కన్నా ముందు దీన్నే చూడమంటాను. దీనికి పైసా ఖర్చు లేదు.

ఒకే కన్సోల్ మీద నేను మౌస్‌తో, తమ్ముడు కంట్రోలర్‌తో ఆడతాం. ప్రతిసారీ సెట్టింగ్స్ మార్చాలా?

వేర్వేరు అకౌంట్లు పెట్టుకోండి. ఒక్కొక్కరి సెట్టింగ్స్ వాళ్ల అకౌంట్‌తోనే ఉంటాయి. తమ్ముడు ఆడేటప్పుడు మౌస్, కీబోర్డు యూఎస్‌బీ నుంచి తీసేయండి. బల్ల కదిలి మౌస్ కాస్త జరిగినా, ఆట దాన్ని మౌస్ అని గుర్తుపట్టి ఎయిమ్ అసిస్ట్ తీసేయొచ్చు, లేదా గట్టి లాబీలోకి పంపొచ్చు. డాంగిల్ అయితే ఊడదీసి మౌస్ అడుగున ఉండే చిన్న అరలో పెట్టేయండి, పోకుండా ఉంటుంది.